ఏడు పాయింట్ రెండు

రొయ్యల కంపెనీలో దైవాధీనం ఉద్యోగం నీళ్ళు చూడడం. చూడడమంటే నిజంగా చూడడం కాదు, చూసినట్టు రాయడం. ఈ రెండింటికీ తేడా ఉందన్న సంగతి అతను చేరిన కొత్తలో ఒక నెలపాటు గుర్తుంచుకున్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళూ హాయిగా మర్చిపోయాడు.

గుడివాడ నుంచి పెడన వచ్చే దారిలో, కాలవ గట్టునే ఉంది ఆ కంపెనీ. బంటుమిల్లి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్యలు అక్కడ దిగుతాయి. తలలు తీసి, ఒలిచి, కడిగి, గడ్డకట్టించి పెట్టెల్లో పంపుతారు. కడిగిన నీళ్ళన్నీ వెనకనున్న శుద్ధి ప్లాంటుకి వస్తాయి. అక్కడ పెద్ద పెద్ద తొట్లు, ఆ తొట్లలోకి గాలి కొట్టే బ్లోయరు, మడ్డి అడుక్కి దిగి నీళ్ళు తేరుకునే ఇంకో తొట్టి, చివర కాలవలోకి ఒక గొట్టం. గొట్టం పక్కన రేకుల గది. గదిలో బల్ల, బల్ల మీద రిజిస్టరు, రిజిస్టరు వెనక దైవాధీనం.

రెండు గంటలకోసారి గ్లాసుతో నీళ్ళు తీసి, పరీక్ష కాగితం ముంచి, దాని రంగు చూసి పీహెచ్ ఎంతో రాయాలి. పీహెచ్ అంటే మరేం లేదు, నీళ్ళ పులుపు చెప్పే అంకె. ఏడు దగ్గర ఉంటే మంచి నీళ్ళు, కిందికి దిగితే పులుపు. కంపెనీ నెలనెలా పరీక్ష కాగితాల డబ్బా ఒకటి ఇచ్చేది. ఆ డబ్బాలు సీలు కూడా విప్పకుండా బీరువాలో వరసగా పేర్చి ఉండేవి.

రాత మాత్రం చూడముచ్చటగా ఉండేది. టీచరు పరీక్ష మూడుసార్లు తప్పాడు గాని, ఏ మేష్టారికీ అలాంటి దస్తూరీ లేదని పెడనంతా ఒప్పుకుంటుంది. వారానికి సరిపడా అంకెలు సోమవారం పొద్దున్నే ఒక్క ఊపులో రాసి పారేసేవాడు. అది మాత్రం ఆషామాషీ పనా? వరసగా మూడుసార్లు ఒకే అంకె పడితే తనిఖీకి వచ్చే ఆఫీసరుకి అనుమానం వస్తుంది. అందుకని ఏడు పాయింట్ రెండు, తర్వాత మూడు, తర్వాత ఒకటి, మళ్ళీ రెండు. మధ్యాహ్నం ఎండ కాబట్టి కాస్త పెంచాలి. రెండు రకాల పెన్నులు వాడాలి. అక్కడక్కడా ఒక కొట్టివేత, పక్కన పొట్టి సంతకం. పది పేజీలకొక టీ మరక. ఓ ఆఫీసరు ముచ్చటపడి, "రిజిస్టరంటే ఇలా ఉండాలయ్యా" అని ఫోటో కూడా తీసుకున్నాడు. ఆ రోజు దైవాధీనం భార్య కుమారికి బందరు లడ్డూలు పట్టుకెళ్ళాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుంది. మనవాడు ఇంకో మెట్టు పైన, చూసినవాళ్ళచేత మెప్పు కూడా పొందాడు.

జనవరి ఆఖర్లో బ్లోయరు చచ్చింది.

ఇక్కడ మెటా సంగతి ఒకటి చెప్పుకోవాలి. రొయ్య నల్లబడకుండా ఉండడానికి లారీ దిగగానే మెటా అనే తెల్లపొడి కలిపిన నీళ్ళలో ముంచుతారు. ఆ నీళ్ళు పుల్లగా ఉంటాయి, ముక్కుకి ఘాటు కొడతాయి. తొట్టిలో పడ్డాక పూటంతా గాలి కొడితే ఆ గుణం చస్తుంది. గాలి లేకపోతే ఎలా వచ్చిన నీళ్ళు అలాగే ఉంటాయి, కాలవలోకి వదలకూడదు. మూడు రోజులకి తొట్లు నిండి, ఆ నీళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్డు గుమ్మం దాకా వచ్చాయి.

మేనేజరు సతీష్ బుధవారం సాయంత్రం రేకుల గదికి వచ్చాడు. వయసులో చిన్నవాడే గాని, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. "దైవాధీనం గారూ, మోటారు రావడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుందండి. కంటైనరు ఆదివారం వెళ్ళిపోవాలి. ఆ పక్క వాల్వు కాస్త తిప్పండి. కాలవ నిండుగా పోతోంది, కలిసిపోతుందిలెండి."

"మరి రిజిస్టరు సార్?"

"అది మీ చేతిలో పనే కదండీ" అని నవ్వాడు సతీష్.

దైవాధీనం వాల్వు తిప్పాడు. తుప్పు పట్టి బిగుసుకుంది, రెండు చేతులూ వెయ్యాల్సి వచ్చింది. గొట్టం ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి, తర్వాత నిలకడగా కాలవలోకి పొయ్యడం మొదలెట్టింది. వారం అంకెలు అప్పటికే రాసున్నాయి కాబట్టి అతనికి ఇంక పనేం లేదు. ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నాడు.

ఆ కాలవే నాలుగు కిలోమీటర్లు దిగువన పెడనలో రామబ్రహ్మం అద్దకం షెడ్డు వెనక నుంచి పోతుంది. కలంకారీ పనికి రంగులెంత ముఖ్యమో పారే నీళ్ళూ అంతే. కరక్కాయ నీళ్ళలో నానేసిన గుడ్డ మీద అచ్చులతో ఎరుపుకి పటికా, నలుపుకి కసీమనే ఇనుప నీళ్ళూ అద్ది, ఆరబెట్టి, పారే నీళ్ళలో జాడిస్తారు. తర్వాత రాగి గంగాళంలో రంగు పట్టడానికి జాజాకు వేసి ఉడికిస్తారు. అప్పుడుగాని ఎరుపు ఎరుపుగా, నలుపు నలుపుగా లేవదు. ఆ షెడ్డులో జాడింపూ ఉడుకూ రెండూ కనకరత్నం చేతిలో ఉండేవి. ముప్పై రెండేళ్ళుగా.

దైవాధీనం ఇంటి వెనక ఇల్లే ఆవిడది. చుట్టరికం లేదు, అయినా చిన్నప్పటినుంచీ పిన్ని. మొగుడు పోయాడు, కూతురు గుడివాడలో కాపరం. పొద్దున్నే కాలవలోకి దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేది. అత్తగారు నేర్పిన పద్ధతి. కాలవలో జోరు తగ్గి, కిందనుంచి సముద్రపు ఉప్పు ఎగదన్నే రోజుల్లో ఇంకెవరికీ తెలియకముందే ఆవిడ నాలికకి తెలిసేది. "ఇవాళొద్దు" అంటే షెడ్డంతా చేతులు కట్టుకుని కూచునేది. రామబ్రహ్మం అంత పెద్దమనిషి కూడా ఆ మాట దాటి ఎరగడు.

గురువారం పొద్దున ఏడింటికి ఆవిడ నీళ్ళు ఉమ్మేసి, "ఇవాళొద్దండీ" అంది. "పుల్లగా ఉన్నాయి. అగ్గిపుల్ల గీస్తే వస్తుందే, ఆ వాసన."

అక్కడున్నవాళ్ళంతా దోసిళ్ళతో తాగి చూశారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. నీళ్ళకి అగ్గిపుల్ల వాసనేంటని ఒకడు నవ్వాడు. శుక్రవారం కూడా ఆవిడ వద్దనేసరికి రామబ్రహ్మానికి దిగులు పట్టుకుంది. నాలుగు వందల మీటర్ల గుడ్డ అద్దకం పూర్తయి ఉంది, హైదరాబాదు పార్టీ రోజూ ఫోను చేస్తున్నాడు. బండెక్కి ఎగువన ఉన్న రొయ్యల కంపెనీకి వచ్చాడు.

దైవాధీనం కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. రామబ్రహ్మం సంగతంతా చెప్పి, "నువ్వు మనూరివాడివి, దాచకుండా చెప్పవయ్యా. మీవాళ్ళేమన్నా వదిలారా?" అని అడిగాడు.

 గోడ అవతల గొట్టంలోంచి నీళ్ళు బుడబుడమంటూ కాలవలో పడుతున్నాయి. అవునండీ, ఆదివారం దాకా ఆగండి. అనాల్సింది ఇంతే. పెదవి కూడా కదిలింది. కానీ ఆరేళ్ళ అలవాటు పడిన చెయ్యి పెదవికంటే ముందు లేచి, రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.

రామబ్రహ్మం కళ్ళజోడు పెట్టుకుని వేలుతో వరసలు దిగాడు. "ఏడు పాయింట్ రెండు. ఏడు పాయింట్ మూడు. అంటే?"

"మంచి నీళ్ళేనండీ."

"ఇవాళ పొద్దుటిది కూడానా?"

"ఇవాళ్టిది కూడానండీ." శుక్రవారం వరస కిందే శనివారం అంకెలు కూడా నిండుగా ఉన్నాయి. వాటి మీద దైవాధీనం అరచెయ్యి ఆనించి ఉంచాడు.

రామబ్రహ్మం నిట్టూర్చాడు. "రెండు గంటలకోసారి చూసి ఇంత శ్రద్ధగా రాస్తున్నారు, మీకంటే మాకు తెలుసా! ఆ కరోనాలో నెల్లాళ్ళు మా రత్నమ్మ నాలిక మొద్దుబారిందయ్యా. మళ్ళీ అదే తిరగబెట్టిందేమో." టీ తాగేసి, పనివాళ్ళకి జాడించమని అక్కడినుంచే ఫోను చేశాడు.

ఆ రాత్రి దైవాధీనానికి నిద్ర పట్టిందా అంటే పట్టింది. అది ఒప్పుకోవాలి. వాల్వు ఆదివారం పదకొండింటికి కట్టేశాడు, సోమవారం కొత్త మోటారు వచ్చింది, వచ్చే వారానికి అంకెలు రాసుకున్నాడు. నిద్ర పట్టకపోవడం మంగళవారంనాడు మొదలైంది.

ఆ రోజు గుడ్డ గంగాళంలోంచి బయటికి తీశారు. ఎరుపు లేవలేదు. పాత పెంకు రంగుకి దిగి, మధ్యమధ్య బొల్లి మచ్చల్లా తెల్లబడింది. నలుపు నలుపు కాదు, బూడిద. నాలుగు వందల మీటర్లూ అంతే. నీళ్ళు బాగున్నాయని కాగితం మీద ఉంది కాబట్టి తప్పు నీళ్ళది కాదు. నీళ్ళది కాకపోతే ఉడుకుది. ఉడుకుదంటే కనకరత్నానిది. లెక్క ఎంత సులువుగా తేలిపోయిందో. రామబ్రహ్మం కేకలెయ్యలేదు. "వయసైపోయింది రత్నమ్మా, ఇంక ఇంటిపట్టున ఉండు" అన్నాడంతే. ఆయన అరిచుంటే ఆవిడ తిరిగి అరిచేది. మెల్లగా అనేసరికి నమ్మేసింది.

కుమారి ఈ కబురు మొగుడికి అన్నం వడ్డిస్తూ చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నీళ్ళేం చేస్తాయి మధ్యలో" అన్నాడు దైవాధీనం. నీళ్ళ మాట కుమారి అసలెత్తనే లేదు. అతనికేసి ఓసారి వింతగా చూసి, మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పకుండా పోగొట్టుకునే మార్గాలు వెతికాడు దైవాధీనం. సతీష్‌ని బతిమాలి, కనకరత్నానికి కంపెనీలోనే రొయ్యలు ఒలిచే పని ఇప్పించాడు. ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుమారి ముందే, "నా నెత్తిన పాలు పోశావురా అబ్బాయ్" అంది. కళ్ళు తుడుచుకుంది. దైవాధీనం పెరట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా బావి గిలకకి నూనె పోశాడు.

అక్కడితో తీరితే బాగుండేది. ఆవిడ రోజూ కళ్ళ ముందే తిరగసాగింది. నీలం ఏప్రాను, తలకి టోపీ, మంచునీళ్ళలో నాని తెల్లబడిన వేళ్ళు. వేళ్ళ గురించి ఆవిడ ఒక్కసారీ ఏమీ అనలేదు. నాలిక గురించే దిగులు. పులుసు కాస్తే గిన్నెతో కుమారి దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. "ఉప్పు సరిపోయిందేమో చూడవే, నాకు నమ్మకం లేదు." ఉప్పు అమరినట్టే ఉండేది. కుమారి ఆ మాట అన్నా, తన మనసు కష్టపెట్టకూడదని అంటోందనుకుని ఆవిడ తల ఊపేది. చల్లపల్లిలో ఆవిడ చెల్లెలు రమణమ్మ ఇంట్లో శుభకార్యానికి వెళ్ళి కూడా, ఎప్పుడూ వంట దగ్గర పెత్తనం చేసే మనిషి, ఒక మూల కూచుని ఆకులు తుడిచి వచ్చిందట. ఇది కూడా కుమారి చెప్పిందే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని విన్నాడు దైవాధీనం.

పోనీ ఇప్పుడైనా నీళ్ళు చూస్తే? ఒక రోజు అదీ అనిపించింది. బీరువాలోంచి ఒక డబ్బా తీసి, సీలు దాకా గోరు పోనిచ్చి, మళ్ళీ పెట్టేశాడు. నిజంగా చూస్తే ఏ అంకె వస్తుందో, దాన్ని రాయాల్సి వస్తుందేమోనని భయం.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కనకరత్నం రేకుల గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మనిషి బెదిరిపోయి ఉంది. లారీలు దిగేచోట ఆడమనిషి ఒకామె రాకపోతే ఆ పూట తనని అటు పంపారట. అటువైపు వెళ్ళడం అదే మొదలు.

"అబ్బాయ్, నీతో ఒక మాట. ఎవరికీ చెప్పకు." లోపలికి వచ్చి గొంతు తగ్గించింది. "నాకు నాలికే కాదు, ముక్కు కూడా చెడిందిరా. ఆ రోజు కాలవలో వచ్చిందన్నానే అగ్గిపుల్ల వాసన, అది ఇప్పుడు ఇక్కడ వస్తోంది. అక్కడ నించున్నంతసేపూ వచ్చింది. పక్కవాళ్ళని అడుగుదామంటే, పిచ్చిదనుకుంటారేమోనని అడగలేదు. నువ్వు రోజూ ఇక్కడే ఉంటావు కదా. నీకేమన్నా వస్తోందా?"

వస్తోంది. గాలి అటునుంచే వీస్తోంది. మెటా ఘాటుకి అతని ముక్కుపుటాలు కూడా చురుక్కుమంటున్నాయి. ఆవిడ కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. అవునంటే తర్వాతి ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. ఆ తర్వాతి ప్రశ్నా తెలుసు. ఒకదాని వెనక ఒకటి వచ్చి, చివరికి ఆ రిజిస్టరు మీద ఆగుతాయి.

"నాకేం వాసన రావట్లేదు పిన్నీ" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. "అదే అనుకున్నాను" అంది. "తల్లోనే ఏదో తేడా వచ్చింది. మా అమ్మకి కూడా చివర్లో లేనిపోనివి వినపడేవి. రేపు సెలవు పెట్టి బందరు పెద్దాసుపత్రికి వెళ్ళి, తలకి ఫోటో తీయించుకుంటాను. అమ్మాయికి చెప్పకు, కంగారు పడుతుంది." టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది.

దైవాధీనం కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ చేసినదానికి పేర్లున్నాయి. బద్ధకం, భయం, మేనేజరు చెప్పాడు, అందరూ చేసేదే. ఇప్పుడు చేసినదానికి మాత్రం ఏ పేరూ దొరకలేదు. సతీష్ చెప్పలేదు, కంపెనీ అడగలేదు. ఒక మనిషి తన ముక్కుని తను నమ్మొచ్చా అని అడగడానికి వస్తే, వద్దని చెప్పి పంపాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. 

తెల్లారి ఎనిమిదింటికి పెడన బస్టాండులో ఆవిడని పట్టుకున్నాడు. చేతిలో సంచీ, సంచీలో ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు. డ్యూటీ చొక్కాతో అతన్నక్కడ చూసి ఆశ్చర్యపోయింది.

"బస్సెక్కకు పిన్నీ. నీ తలకేం కాలేదు. ఆ వాసన నిజంగా ఉంది. మెటా అని ఒక పొడి. రొయ్యలకి వేస్తారు. నిన్న నాకూ వచ్చింది."

"మరి కాలవలో?"

"అదే. కంపెనీ వదిలింది. ఆ బుధవారం సాయంత్రం నుంచి."

కనకరత్నం బల్ల మీద కూచుంది. ముందు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం మెల్లగా విప్పారింది. "అయితే నా నాలిక బాగానే ఉందా?" అంది. "నేను చెప్పింది నిజమేనా? గుడ్డ పోయింది నా ఉడుకు వల్ల కాదా?"  పక్కన కూచున్న ముసలాయన్ని పట్టుకుని, "నాకేం కాలేదంటండీ!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఈ సంతోషం చూడ్డం కంటే చెప్పుతో కొట్టించుకోవడం నయమనిపించింది దైవాధీనానికి.

కళ్ళు తుడుచుకుని ఆవిడే అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వేం బాధపడకురా. వాళ్ళు నిన్ను కూడా మోసం చేశారు. వాళ్ళిచ్చిన అంకెలు రాసేవాడివి, లోపల ఏం జరుగుతోందో నీకేం తెలుసు పాపం."

అదిగో, దారి దొరికింది. అవును పిన్నీ అనేస్తే ఆవిడ మనసులో తను మంచివాడిగానే ఉండిపోతాడు. జన్మలో ఇంత చల్లని మాట అతనితో ఎవరూ అనలేదు, ఇంత సులువైన దారి ఎవరూ చూపలేదు. 

"తెలుసు పిన్నీ. వాల్వు తిప్పింది నేను. అంకెలు ఎవరూ ఇవ్వలేదు, నేనే వేశాను. రామబ్రహ్మం గారు వచ్చి నా ఎదురుగా కూచున్నప్పుడు ఆ నీళ్ళు పోతూనే ఉన్నాయి."

ఆవిడ చెయ్యి వదిలేసింది. బందరు బస్సొచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు అరిచాడు, ముసలాయన ఎక్కాడు, బస్సు వెళ్ళిపోయింది.  తిట్టు కోసం ఎదురుచూస్తూ నించున్నాడు దైవాధీనం. చివరికి ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"పద" అంది.

అద్దకం షెడ్డులో అప్పుడే పని మొదలైంది. టకటకమని అచ్చులు పడుతున్నాయి. కనకరత్నం ముందు, ఆవిడ వెనక దైవాధీనం. రామబ్రహ్మం లేచి వచ్చాడు. పదిమంది పనివాళ్ళ మధ్య నిలబడి దైవాధీనం మొదట్నుంచీ చెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ అనుకున్నాడు. అతను ఆపేసరికి ఒక్క అచ్చు చప్పుడు కూడా లేదు.

రామబ్రహ్మం మొహం నల్లబడింది. ఆవిడకేసి చూడలేక దైవాధీనం మీద విరుచుకుపడ్డాడు. "నోటిమాట చాలదు! కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఇదెక్కడ ఇవ్వాలో అక్కడ ఇస్తాను." బల్ల మీద కాగితం, పెన్నూ పెట్టాడు. "ఆ నాలుగు రోజులూ అసలు పీహెచ్ ఎంతుందో, అది రాయి ముందు."

దైవాధీనం పెన్ను పట్టుకుని కూచున్నాడు.

"రాయవేం?"

"తెలీదండీ."

"తెలీకపోవడమేంటి?"

"చూడలేదండీ. ఆ నాలుగు రోజులే కాదు, ఆరేళ్ళలో ఒక్కసారీ చూడలేదు."

 "మరి చూసినవాళ్ళెవరూ లేరా?" అన్నాడు రామబ్రహ్మం. కోపం పోయి, గొంతులో దిగులే మిగిలింది.

"నేను చూశాను" అంది కనకరత్నం.

వచ్చి బల్లకి ఎదురుగా కూచుంది. "రాయి" అంది. "గురువారం పొద్దున ఏడు గంటలకి నీళ్ళు పులుపు. చింతకాయ పులుపు కాదు, నాలిక మీద గుచ్చే పులుపు. అగ్గిపుల్ల గీసిన వాసన. శుక్రవారం అదే పులుపు, వాసన ఎక్కువ. ఆ మధ్యాహ్నం నుంచి జాడింపు పెట్టారు, నేను వద్దన్నాను. శనివారం అన్నిటికంటే ఎక్కువ, పుక్కిలిస్తే పళ్ళు జివ్వుమన్నాయి. ఆదివారం పొద్దున అలాగే ఉంది, మధ్యాహ్నం రెండింటికి దిగితే లేదు. మామూలు నీళ్ళు."

దైవాధీనం తలెత్తాడు. వాల్వు ఆదివారం కట్టేశానని చెప్పాడు గాని, ఎన్ని గంటలకో ఎవరికీ చెప్పలేదు. "పదకొండింటికి కట్టేశానండీ" అన్నాడు రామబ్రహ్మంతో. "ఆ నీళ్ళు ఇక్కడ దాటిపోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది." 

"ఈ సంగతి చెబితే ఎవరూ వినలేదని రాయి" అంది ఆవిడ. "విననివాళ్ళ పేర్లు కూడా రాయి."

రామబ్రహ్మం తల దించుకున్నాడు. "నా పేరు రాయవయ్యా."

"మీది తర్వాతండీ. మీకు కాగితం చూపించారు, మీరు నమ్మారు. ముందు ఇతనిది."

దైవాధీనం తన పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా. దాని కింద రామబ్రహ్మం పేరు రాశాడు. సంతకం పెట్టడానికి పెన్ను ఆనించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడే ఎక్కడయింది? నాకు వాసన వస్తోంది, నీకూ వస్తోందా అని అడిగితే, ఏం వాసన రావట్లేదన్నాడు. అది రాయి."

కాగితం మసకగా కనిపించింది దైవాధీనానికి. "ఏ తారీఖు వెయ్యను పిన్నీ?" అన్నాడు.

"నిన్నటిది" అంది కనకరత్నం. అతను రాసేదాకా చెయ్యి తియ్యలేదు.